వందేళ్లలో మూడు భాషలు: ఓరుగల్లు ప్రాంతంలో సర్కారు హైస్కూలు

క్లుప్తంగా: ఓరుగల్లు ప్రాంతంలో సర్కారు హైస్కూలు ఉర్దూలో మొదలైంది. 1948 తర్వాత తెలుగులోకి, 2022-23 నుంచి ఇంగ్లిష్‌లోకి మారుతూ వచ్చింది. భాష మారినప్పుడల్లా చదువు ఎలా సాగిందనేది ఆ భాషలో చెప్పగల టీచర్లు ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టే తేలింది. 1952లో వరంగల్‌లో మొదలైన ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలన్న) గొడవకూ, ఇప్పటి ఇంగ్లిష్ మీడియం ఇబ్బందులకూ మూలం ఒకటే. బోర్డు మీద 'ప్రభుత్వ' అని, 'జిల్లా పరిషత్' అని వేరువేరుగా ఎందుకుంటుంది, పదో తరగతి మార్కులు ఎలా వేస్తారు, బడి రిజిస్టరు ఉద్యోగం దాకా ఎందుకు పనికొస్తుంది అన్నవి కూడా ఈ వ్యాసంలో ఉన్నాయి.

జూన్ వచ్చిందంటే సర్కారు బడి టీచర్లు బడిబాట పేరుతో ఇంటింటికీ తిరుగుతారు. ఈ కార్యక్రమానికి ప్రొఫెసర్ జయశంకర్ పేరు పెట్టారు. ఆయనది వరంగల్ దగ్గరి అక్కంపేట, చదివింది హనుమకొండ మర్కజీ హైస్కూల్లో. టీచర్లు గడప ఎక్కగానే తల్లిదండ్రులు అడిగేవి ఎక్కువగా ఇవే: ఇంగ్లిష్ మీడియమేనా? మోడల్ స్కూలుకూ దీనికీ తేడా ఏంది? పదిలో ఇప్పుడు గ్రేడులా, మార్కులా? వీటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. ఇప్పుడున్న హైస్కూలు ఒకేసారి కట్టింది కాదు. ఒక్కో కాలం ఒక్కో వరుస పేర్చుకుంటూ పోయిన గోడ అది.

### ఫోఖానియా రోజులు

నిజాం రాజ్యంలో బడులు మూడు మెట్లుగా ఉండేవి. ప్రాథమిక బడి తహతానియా, మాధ్యమిక బడి వస్తానియా, ఆ పైది ఫోఖానియా. ఇప్పుడు మనం హైస్కూల్ అంటున్నది ఆ ఫోఖానియానే. ఊరికో ఫోఖానియా ఉండేది కాదు. జిల్లా కేంద్రంలోనో, పెద్ద పట్నంలోనో ఉంటే దూరపు ఊళ్ల పిల్లలు బంధువుల ఇళ్లలో ఉండి చదువుకునేవారు.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలయ్యాక హైస్కూలు చదువు కూడా ఆ దిక్కే నడిచింది. పైచదువు ఉర్దూలో ఉన్నప్పుడు కింది చదువు మరో భాషలో ఉంటే పిల్లవాడు మధ్యలో ఆగిపోతాడు కదా. తెలుగు ఒక పాఠంగా మాత్రం ఉండేది. లెక్కలు, చరిత్ర, భూగోళం ఉర్దూలోనే నేర్వాలి. రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడేది తెలుగు, ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు పదో వంతు. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష అన్న పరిస్థితి ఈ ప్రాంతానికి కొత్త కాదనడానికి ఇదే సాక్ష్యం.

ఆ రోజుల్లో తెలుగు చదువు బడి బయట నిలబడింది. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లోనే ఏర్పడింది. బడిలో దొరకని తెలుగు పుస్తకం, తెలుగు పత్రిక అక్కడ దొరికేవి. ఆంధ్ర మహాసభలు 1930లో జోగిపేటలో మొదలై, 1935 నాటికి సిరిసిల్ల చేరాయి. మాతృభాషలో చదువు చెప్పాలన్నది ఆ సభల డిమాండ్లలో ముఖ్యమైనది. తెలుగు మాధ్యమంలో హైస్కూలు పెట్టడం అప్పట్లో ఎంత కష్టమో హైదరాబాద్ నారాయణగూడ బాలికల పాఠశాలను చూస్తే తెలుస్తుంది. మాడపాటి హనుమంతరావు పూనుకుని నడిపిన ఆ బడికి ఉస్మానియా గుర్తింపు దొరికే దారి లేదు. అందుకని పుణెలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకోవాల్సి వచ్చింది. తెలుగులో చదివే తెలుగు పిల్లలకు సర్టిఫికెట్ మరాఠీ నేల నుంచి వచ్చింది.

ఆ కాలపు రికార్డుల్లో తేదీలు నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరాల లెక్కలో ఉంటాయి. ఫసలీ 1350 అని ఉంటే దానికి 590 కలపాలి. అంటే 1940-41. తాత చదివిన ఏడాదిని పాత ఉర్దూ కాగితాల్లో వెతికేవాళ్లకు ఈ చిన్న లెక్క తెలియకపోతే పని జరగదు.

### 1952: టీచర్ల దగ్గర మొదలైన గొడవ

హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసిన 1948 సెప్టెంబర్ 17 తర్వాత కొద్ది ఏళ్లలోనే బడుల్లో ఉర్దూ స్థానంలోకి తెలుగు వచ్చింది. ఉస్మానియాలో బోధన ఇంగ్లిష్‌లోకి మారింది. ప్రజలు కోరుకున్న మార్పే ఇది. కాగితం మీద సులువుగానే కనిపిస్తుంది. తరగతి గదిలోకి వచ్చేసరికి చిక్కు బయటపడింది. అప్పటిదాకా ఉన్న టీచర్లు ఉర్దూలో చదివి, ఉర్దూలో పాఠం చెప్పడానికి అలవాటు పడ్డవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడినా, త్రిభుజం వైశాల్యాన్నో అక్షాంశాలనో తెలుగు మాటల్లో చెప్పడం వాళ్లకూ కొత్తే. ఇంగ్లిష్ చెప్పగలవాళ్లు మరీ తక్కువ.

ఈ ఖాళీని నింపడానికి మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చినవాళ్లను తీసుకున్నారు. వాళ్లు తెలుగు మీడియంలోనో, ఇంగ్లిష్‌లోనో చదివినవాళ్లు. మరోవైపు ముల్కీ నిబంధనల ప్రకారం హైదరాబాద్ రాష్ట్రంలో సర్కారు ఉద్యోగం స్థానికులకే రావాలి. స్థానికుడు కావాలంటే 15 ఏళ్ల నివాసం చూపించాలి. తప్పుడు ముల్కీ సర్టిఫికెట్లతో బయటివాళ్లు చేరుతున్నారన్న ఆరోపణ వచ్చింది. వరంగల్‌లో టీచర్ల నియామకాల మీద 1952 జులై చివర విద్యార్థులు రోడ్డెక్కారు. హనుమకొండ, వరంగల్ బడుల నుంచి ఆ ఉద్యమం హైదరాబాద్ చేరింది. సెప్టెంబర్ 3న అక్కడి సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి.

చరిత్ర పుస్తకాల్లో దీన్ని స్థానికులు, స్థానికేతరుల గొడవగానే ఎక్కువగా చెబుతారు. అది నిజమే. అయితే దాని వెనుక ఉన్న బోధన భాష సంగతి చాలాసార్లు మరుగున పడుతుంది. భాష మార్చేముందు ఉన్న టీచర్లకు రెండు మూడేళ్లు శిక్షణ ఇచ్చి ఉంటే, బయటి నుంచి అంతమందిని తెచ్చే అవసరం ఆ మేరకు తగ్గేది. ఈ సంగతి ఇప్పటికీ పనికొస్తుంది.

### పదకొండు, పన్నెండు తరగతులు ఎటు పోయాయి

1952-53లో మొదలియార్ కమిషన్ దేశంలో మల్టీపర్పస్ హైస్కూళ్లు పెట్టమంది. పుస్తకాల చదువుతోపాటు సాంకేతిక విద్య, వ్యవసాయం, వాణిజ్యం, గృహశాస్త్రం లాంటివి ఒకే బడిలో నేర్పాలన్నది ఆలోచన. ఈ ప్రాంతంలోనూ అలాంటి బడులు వచ్చాయి. పాతతరం వాళ్లు ఇప్పటికీ 'మల్టీపర్పస్‌లో చదివిన' అని చెప్పుకోవడం వినిపిస్తుంది. వాటిలో హయ్యర్ సెకండరీ దాకా ఉండేది.

1969-70 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వేరు చదువుగా మారింది. పై తరగతులు జూనియర్ కాలేజీలకు వెళ్లిపోయాయి. చాలాచోట్ల ఒకే ఆవరణలో ఇటు హైస్కూలు, అటు జూనియర్ కాలేజీ కనిపించడానికి కారణం ఇదే. హైస్కూలుకు మిగిలింది పదో తరగతి దాకా. పై తరగతులతోపాటు వర్క్‌షాపు, ల్యాబు, పనివిద్య నేర్పే సార్లు కూడా చాలావరకు దూరమయ్యారు. ఇప్పుడు మోడల్ స్కూళ్లలో 6 నుంచి ఇంటర్ దాకా, కొన్ని కస్తూర్బా విద్యాలయాల్లోనూ ఇంటర్ దాకా ఒకే గొడుగు కింద చదువు నడుస్తోంది. ఒకప్పుడు విడదీసిన దాన్నే మళ్లీ కలుపుతున్నట్టు. మామూలు హైస్కూలుకు మాత్రం ఆ అవకాశం ఇంకా రాలేదు. పది పాసైన ఆడపిల్ల, దగ్గరలో కాలేజీ లేదని చదువు మానేసే ఊళ్లలో ఈ తేడా చాలా పెద్దది.

### 'ప్రభుత్వ' బడి, 'జెడ్పీ' బడి

పట్నంలో 'ప్రభుత్వ ఉన్నత పాఠశాల' అని, పల్లెలో 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అని బోర్డులు కనిపిస్తాయి. పుస్తకాలు ఒకటే, పరీక్ష ఒకటే, జీతాలు ఇచ్చే ఖజానా కూడా ఒకటే. తేడా యాజమాన్యంలో ఉంది. మొదటిది నేరుగా రాష్ట్ర విద్యాశాఖ బడి. రెండోది 1959 నాటి పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం తర్వాత స్థానిక సంస్థల కిందికి వచ్చిన బడి.

తల్లిదండ్రులకు ఈ తేడాతో పనిలేదు. టీచర్లకు ఉంది. ఇద్దరి సర్వీసు రూల్స్ వేరు కావడంతో ఎంఈవో (మండల విద్యాధికారి), డిప్యూటీ ఈవో లాంటి పోస్టులు ఎవరికి ఇవ్వాలన్న వివాదం ఏళ్లపాటు కోర్టుల్లో నలిగింది. ఫలితంగా మండలానికి పూర్తికాలపు ఎంఈవో లేక, హైస్కూలు హెడ్మాస్టరే ఆ బాధ్యత కూడా మోయడం మామూలైపోయింది. పెద్దసారు మండల మీటింగులకు తిరుగుతుంటే సొంత బడిని చూసేదెవరు? యాజమాన్యం అన్న చిన్న మాట చివరికి తరగతి గదిని తాకేది ఇలాగే.

వీటికి తోడు గురుకులాలు ఉన్నాయి. మొదటి గురుకుల పాఠశాల 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. అప్పుడు ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగిన మనిషి. ఆయన కేంద్రంలో విద్య చూస్తున్నప్పుడే 1986లో నవోదయ విద్యాలయాల విధానం వచ్చింది. 2013 నుంచి మోడల్ స్కూళ్లు నడుస్తున్నాయి. నవోదయకైనా, మోడల్ స్కూలుకైనా, చాలా గురుకులాలకైనా ప్రవేశ పరీక్ష ఉంటుంది. మామూలు హైస్కూలుకు ఉండదు, వచ్చిన ప్రతి పిల్లనూ చేర్చుకోవాలి. అందుకే ఫలితాల శాతాలు పక్కపక్కన పెట్టి 'వాళ్లకు అంత, మీకు ఇంతేనా' అనడం న్యాయమైన పోలిక కాదు.

### ఆరు నుంచి పది దాకా చదువు

హైస్కూల్లో తెలుగు, హిందీ, ఇంగ్లిష్, గణితం, భౌతిక రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, సాంఘిక శాస్త్రం చెబుతారు. ప్రాథమిక బడిలో ఒకే టీచర్ అన్నీ చెబితే, ఇక్కడ సబ్జెక్టుకో స్కూల్ అసిస్టెంట్ ఉండాలి. ఇదే హైస్కూలుకు బలం, బలహీనత కూడా. ఫిజిక్స్ సారు పోస్టు ఖాళీ అయితే ఆ బడిలో పిల్లలందరికీ ఫిజిక్స్ ఆగుతుంది. లెక్కల సారే కాస్త చెప్పి నెట్టుకొస్తారు.

చదువుతోపాటు పిల్లలకు అందే అవకాశాల్లో రెండు ముఖ్యమైనవి. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ అనే జాతీయ స్కాలర్‌షిప్ పరీక్షలో ఎంపికైతే 9 నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ప్రైవేటు బడి పిల్లలకు ఇది లేదు. ఆలోచనా శక్తి మీద 90 మార్కులు, పాఠాల మీద 90 మార్కులు ఉంటాయి. రెండోది ఇన్‌స్పైర్ మనక్. సైన్స్‌లో కొత్త ఆలోచన పంపి ఎంపికైన పిల్లకు నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు. ఏ బడిలో ఒక సారు పట్టుబట్టి దరఖాస్తు చేయిస్తారో ఆ బడి నుంచే పేర్లు ఎక్కువగా వస్తాయి. పథకం అందరిదే, చెప్పే మనిషి ఉండాలి.

మధ్యాహ్న భోజనంలో కేంద్రం వాటా ఎనిమిదో తరగతి దాకే. తొమ్మిది, పది పిల్లలకు రాష్ట్రం సొంత ఖర్చుతో పెడుతోంది.

### పది మార్కుల లెక్క

ఒకప్పుడు ఏడో తరగతికీ కామన్ పరీక్ష ఉండేది. ఇప్పుడు పిల్లలు రాసే మొదటి పబ్లిక్ పరీక్ష పదో తరగతిదే. అందుకే ఇంటిల్లిపాదికీ అంత టెన్షన్.

నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక ఒక్కో సబ్జెక్టుకు పబ్లిక్ పరీక్షకు 80, బడిలో వేసే అంతర్గత మార్కులు 20 అయ్యాయి. ఆ 20 ఎలా వస్తాయన్నదే చాలామందికి తెలియదు. ఏడాదిలో బడిలోనే పెట్టే నాలుగు ఫార్మేటివ్‌లు జరుగుతాయి. ఒక్కోదానిలో పిల్లల భాగస్వామ్యానికి 5, రాతపనికి 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టుకు 5. నాలుగింటి సగటే అంతర్గత మార్కు. పాసవడానికి 35 రావాలి, హిందీకి 20 చాలు.

ఆలోచన మంచిది. ఊరి చెరువు గురించి నలుగురిని అడిగి రాసుకొచ్చే ప్రాజెక్టు, బట్టీ పట్టి రాసే పరీక్ష కంటే ఎక్కువే నేర్పుతుంది. ఆచరణలో మాత్రం ప్రాజెక్టు అంటే గైడులో చూసి నోటుబుక్కులోకి ఎక్కించడంగా మారిన బడులు ఉన్నాయి. అందరికీ 20కి 19, 20 వేస్తే ఆ మార్కుకు అర్థం ఉండదన్న విమర్శ, ముఖ్యంగా ప్రైవేటు బడుల మీద, గట్టిగా వచ్చింది. 2024 నవంబర్‌లో ప్రభుత్వం అంతర్గత మార్కులు తీసేసి పరీక్షను పూర్తిగా 100కు పెడతామంది. విద్యా సంవత్సరం సగం దాటాక ఇదేమిటని వ్యతిరేకత రావడంతో ఆ ఏడాదికి పాత పద్ధతే ఉంచింది. ఫలితాల్లో గ్రేడులే చూపే పద్ధతి మాత్రం మారింది. 2025 ఫలితాల్లో సబ్జెక్టుల వారీ మార్కులు కూడా చూపించారు.

పేపర్ల సంఖ్య కూడా తికమక పెట్టేదే. ముందు 11 పేపర్లు ఉండేవి, హిందీ తప్ప ప్రతిదానికీ రెండేసి. కరోనా కాలంలో వాటిని ఆరుకు తగ్గించి తర్వాత అదే కొనసాగించారు. సైన్స్‌ను మాత్రం భౌతిక, జీవశాస్త్రాలుగా విడదీసి 40 మార్కుల చొప్పున రాయిస్తున్నారు.

గ్రేడా, మార్కా అన్న తేడా ఉత్తర తెలంగాణ పిల్లలకు మరీ దగ్గరి విషయం. 2008లో బాసరలో మొదలైన ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల ఇంజినీరింగ్ కోర్సుకు పదో తరగతి ఫలితమే ఆధారం. గ్రేడుల కాలంలో సర్కారు, జెడ్పీ బడుల పిల్లల జీపీఏకు 0.4 కలిపేవారు. అంటే 9.6 వచ్చిన జెడ్పీ పిల్ల, 10 వచ్చిన కార్పొరేటు స్కూలు పిల్లతో సమానంగా నిలిచేది. కూలి పనికి వెళ్లే ఇళ్ల నుంచి ఎందరో పిల్లలు ఇంజినీర్లు కావడానికి దారి వేసిన లెక్క ఇది. ఫలితం చూపే పద్ధతి ఎప్పుడు మారినా ఈ ఊతం తగ్గకుండా చూడడం అవసరం.

### ఎదురెదురు పేజీలు

ఇంగ్లిష్ మీడియం ఒక్కసారిగా ఊడిపడలేదు. 2008లో 'సక్సెస్' పేరుతో హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం సెక్షన్లు పెట్టారు. ఒకే బడిలో తెలుగు సెక్షన్, ఇంగ్లిష్ సెక్షన్ పక్కపక్కన నడిచాయి. ఐదో తరగతి దాకా తెలుగులో చదివి ఆరులో ఒక్కసారిగా ఇంగ్లిష్‌లోకి దూకాల్సి రావడం దానిలోని పెద్ద లోపం. 2022-23లో 1 నుంచి 8 దాకా అన్ని తరగతుల్లో ఒకేసారి ఇంగ్లిష్ మీడియం తెచ్చారు, తర్వాతి రెండేళ్లలో 9, 10 చేరాయి. అప్పుడు ఎనిమిదిలో ఉన్న పిల్లలు 2025 మార్చిలో పది రాశారు.

దీనికోసం ద్విభాషా పుస్తకాలు వేశారు. సైన్స్ పుస్తకం తెరిస్తే ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లిష్. ఇటు కిరణజన్య సంయోగక్రియ, అటు ఫోటోసింథసిస్. బొమ్మ ఒకటే. పిల్ల ముందు తెలుగు పేజీ చదివి విషయం పట్టుకుంటుంది, ఆ తర్వాత వేలు పెట్టి ఇంగ్లిష్ వాక్యం వెతుక్కుంటుంది. సారు కూడా అంతే: ఇంగ్లిష్‌లో వాక్యం చదివి, తెలుగులో విడమరిచి, బోర్డు మీద ఇంగ్లిష్‌లో జవాబు రాస్తారు. ఈ పుస్తకం మంచి ఊతం. పుస్తకం రెట్టింపు మందం అయిందన్న ఫిర్యాదు ఉన్నా, దీన్ని తీసేస్తే నష్టమే ఎక్కువ.

అసలు ఒత్తిడి పరీక్షలో కనిపిస్తుంది. తరగతిలో అర్థమైంది తెలుగులో, రాయాల్సింది ఇంగ్లిష్‌లో. లెక్కల్లో గుర్తులు ఉంటాయి కాబట్టి గట్టెక్కుతారు. సాంఘిక శాస్త్రంలో ఆరేడు వాక్యాల జవాబు సొంతంగా రాయాలంటే కలం ఆగిపోతుంది. బట్టీ పట్టడం పెరిగేది ఇక్కడే. టీచర్లలో చాలామంది తెలుగు మీడియంలో చదివి, తెలుగులోనే ఏళ్లుగా పాఠం చెప్పినవాళ్లు. వాళ్లకు ఇచ్చింది కొద్దిపాటి శిక్షణే. 1950లలో ఉర్దూ సార్లు తెలుగు మాటల కోసం తడుముకున్నట్టే, ఇప్పుడు తెలుగు సార్లు ఇంగ్లిష్ కోసం తడుముకుంటున్నారు. తప్పు వాళ్లది కాదు.

తెలుగు పూర్తిగా పోయిందా అంటే పోలేదు. 2018 నాటి చట్టం ప్రకారం తెలంగాణలో ఏ మీడియం బడిలోనైనా, ప్రైవేటు బడులతో సహా, తెలుగు ఒక సబ్జెక్టుగా చెప్పి తీరాలి.

### జిల్లాలు విడిపోయాక

2016 అక్టోబర్‌లో పాత వరంగల్ జిల్లా ఐదు ముక్కలైంది. 2019లో ములుగు వేరుపడింది. 2021లో అర్బన్, రూరల్ పేర్లు పోయి హనుమకొండ, వరంగల్ జిల్లాలయ్యాయి. 2021 డిసెంబర్‌లో వచ్చిన 317 జీవో ప్రకారం టీచర్లను సీనియారిటీని బట్టి కొత్త జిల్లాలకు సర్దారు. సొంతూరు ఒక జిల్లా, కేటాయించింది మరో జిల్లా అయినవాళ్లు చాలామంది. భార్యాభర్తలు చెరో జిల్లాలో పడ్డ కుటుంబాలూ ఉన్నాయి. సీనియర్లు హనుమకొండ లాంటి పట్నం జిల్లాలను కోరుకుంటే, ఏజెన్సీ వైపు ములుగు, భూపాలపల్లి బడులకు అనుభవం ఉన్నవాళ్లు తగ్గుతారు. 2017 నోటిఫికేషన్‌లో 8,792, 2024 డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష)లో 11,062 పోస్టులు రాష్ట్రమంతటికీ ప్రకటించారు. మధ్యలో అన్నేళ్లు కొత్త టీచర్ రాకపోవడం వల్ల కలిగిన లోటు ఒక్క నియామకంతో తీరేది కాదు.

బడి రిజిస్టరు విలువ కూడా ఈ విభజనతో పెరిగింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 1 నుంచి 7 దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. అంతకుముందు 4 నుంచి 10 దాకా చూసేవారు. ఉద్యోగ నోటిఫికేషన్ పడగానే పాత విద్యార్థులు బోనఫైడ్ (ఇక్కడ చదివారన్న ధ్రువపత్రం) కోసం బడి ముందు వరుస కట్టేది ఇందుకే. ఐదు దాకా ప్రైమరీ స్కూలు, ఆరు, ఏడు హైస్కూలు ఇవ్వాలి. మధ్యలో ఊరు మారిన పిల్లలైతే రెండు మూడు జిల్లాలు తిరగాలి. అడ్మిషన్ రిజిస్టరులో ఒక్క పేజీ చెద తింటే ఒకరి ఉద్యోగం ఇరకాటంలో పడుతుంది. ఈ రిజిస్టర్లను స్కాన్ చేసి భద్రపరచడం పెద్ద ఖర్చు పని కాదు, ఆలస్యం చేసే పనీ కాదు.

### ముందున్న ఏళ్లు

ఇప్పుడు హైస్కూల్లో ఉన్నవాళ్లలో చాలామంది చదువు మధ్యలో మీడియం మారినవాళ్లే. 2022-23లో ఒకటో తరగతిలోనే ఇంగ్లిష్ మీడియంలో చేరిన పిల్లలు 2027 జూన్‌లో ఆరో తరగతికి వస్తారు, 2032 మార్చిలో పది రాస్తారు. అప్పటిదాకా వచ్చే ఫలితాలను చూసి ఇంగ్లిష్ మీడియం గెలిచిందనో, ఓడిందనో తేల్చడం తొందరపాటు అవుతుంది. వాళ్లు హైస్కూలు గేటు దాటి లోపలికి వచ్చేసరికి సైన్స్, సోషల్ సార్లను సిద్ధం చేయడానికి ఉన్నది 2027 జూన్ దాకానే.